కోపం వచ్చిన రోజు వేసుకునే మాత్ర

ఆ బడి బస్సుల షెడ్డులో బీపీ అంటే జబ్బు కాదు, మనిషి. షెడ్డు సూపర్‌వైజరుకు ఆ పేరు ఎవరు పెట్టారో గాని, ఇరవై ఏళ్లుగా అసలు పేరుతో పిలిచిన పాపాన ఎవరూ పోలేదు. "బీపీ వస్తోంది" అంటే ఆయన చిందులు తొక్కుతూ వస్తున్నాడని. "బీపీ పెరిగింది" అంటే ఎవరికో మూడిందని. పొద్దున్నే పదకొండు బస్సులు గేటు దాటేలోపు ఆయన గొంతు మూడు వీధుల అవతలికి వినపడేది. బస్సు అద్దం మీద పిట్ట రెట్ట వేసినా డ్రైవరునే తిట్టేవాడు. "నువ్వు నోరు తెరుచుకుని చూస్తుంటే అది వెయ్యక ఏం చేస్తుంది?" అనేవాడు.

ఏడో నంబరు బస్సు డ్రైవరు ఇందుకు పూర్తిగా విరుద్ధం. ఆయన్ని నిండుకుండ అనేవాళ్లు. నిండుకుండ తొణకదంటారు కదా, ఈయన ఇరవై ఆరేళ్ల సర్వీసులో ఒక్క చుక్క తొణికి ఎరగడు. ఒకసారి ఎవడో వ్యాను వెనక్కి పోనిచ్చి ఈయన బస్సు లైటు పగలగొట్టాడు. ఈయన నెమ్మదిగా దిగి, వణికిపోతున్న ఆ వ్యాను అతనికి తన సీసాలో మంచినీళ్లిచ్చి, "కంగారు పడకు, ముందు కూచో" అన్నాడు. అది తెలిసి సూపర్‌వైజరు జుట్టు పీక్కున్నాడు. "వాడు మన లైటు పగలగొడితే నువ్వు వాడికి మర్యాదలు చేసొచ్చావా? నువ్వు మనిషివా, మంచుగడ్డవా?" అని గంటసేపు అరిచాడు. నిండుకుండ ఆ గంటా విని, "ఇంకో లైటు ఇప్పించండి సార్" అన్నాడు.

ఇంట్లో భార్య బాధ ఇంకో రకం. పక్కింటి వాళ్లు చెత్త వీళ్ల గుమ్మం ముందు పోసినా, చుట్టాలు పెళ్లికి పిలవకపోయినా ఈయన పెదవి విప్పడు. "అసలు ఉప్పూ కారం తినే మనిషేనా మీరు?" అని ఆవిడ కుట్టు మిషను తొక్కుతూనే గయ్‌మనేది. ఆయన మారుమాట్లాడకుండా ఉప్పు డబ్బా దగ్గరికి లాక్కుని, కంచంలో ఇంత చల్లుకుని, "తింటున్నాగా" అనేవాడు. ముప్పై ఏళ్ల నాటి పరాచికం అది. పరాచికం కాస్తా అలవాటైంది, అలవాటు కాస్తా చేతికి పట్టేసింది. కూర నోట్లో పెట్టుకోకముందే చెయ్యి డబ్బా మీదికి పోయేది. మధ్యాహ్నం షెడ్డులో ఉప్పు పల్లీల పొట్లం సరేసరి.

ఆ బస్సులో పిల్లల్ని ఎక్కించి దించే ఆయా ఆయన వదినే. ఆరేళ్ల క్రితం అన్నయ్య పోయాక ఆ పనిలో చేరింది. ఆవిడ పెళ్లై వచ్చేనాటికి ఈయన పదమూడేళ్ల వాడు. ఇప్పుడు యాభై రెండు నిండినా ఆవిడకి ఇంకా "బాబూ"నే. ఆవిడా మాట పెదవి దాటనివ్వని మనిషే. నలభై రెండు మంది పిల్లల తలలు ఒక్కొక్కటే తాకుతూ లెక్కపెట్టి, "సరిపోయారు బాబూ" అనేది. అప్పుడు బండి కదిలేది. రోజు మొత్తంలో ఆ ఇద్దరి మధ్య నడిచే మాటలు దాదాపు అంతే.

ఆ ఏడు బడివాళ్లు కొత్త నియమం పెట్టారు. అంతకు ముందు డ్రైవర్లకు కళ్లు మాత్రమే చూసేవాళ్లు, ఇక నుంచి ఒళ్లంతా చూస్తారన్నారు. షెడ్డు పక్కనే ఉన్న గదిలో బడి నర్సు కూచుంది. పెద్ద ఆసుపత్రిలో చేసి చేసి రిటైరై వచ్చిన మనిషి, కళ్లజోడు గొలుసుతో మెడలో వేలాడుతుంటుంది, అనవసరంగా ఒక్క మాట మాట్లాడదు. మొదట బీపీ చూపించుకోవడానికి సూపర్‌వైజరే కూచున్నాడు. ఈ వేడుక చూడ్డానికి డ్రైవర్లంతా కిటికీ దగ్గర మూగారు.

"పట్టీ జాగ్రత్త నర్సమ్మా, పేలిపోగలదు" అన్నాడు మూడో నంబరు డ్రైవరు.

నర్సమ్మ పట్టీ చేతికి చుట్టి, గాలి కొట్టి, వదిలి, "నూట పద్దెనిమిది బై డెబ్భై ఆరు. బంగారంలా ఉంది" అంది.

కిటికీ దగ్గర డ్రైవర్లు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. సూపర్‌వైజరు మొహం కందగడ్డ అయింది. "అంటే ఏంటి? నాకు బీపీ లేదా?"

"లేదు."

"మీ మిషను పాడైంది! మళ్లీ చూడండి!"

మళ్లీ చూసింది. "నూట ఇరవై. అరిచినందుకు రెండు పెరిగింది, అంతే. లేవండి."

ఇరవై ఏళ్లు మోసిన బిరుదు నిలువునా పోయిన మనిషి ఎలా ఉంటాడో అలా లేచాడాయన. తర్వాత నిండుకుండ కూచున్నాడు. నర్సమ్మ ఒకసారి చూసి, ఏమీ అనకుండా పట్టీ విప్పింది. వీపు కుర్చీకి ఆనించమంది, కాళ్లు నేలమీద ఆనించమంది, ఐదు నిమిషాలు మాట్లాడొద్దంది. ఆయనకి అదో పెద్ద పని కాదు కదా. ఈసారి రెండో చెయ్యి చూసింది, మళ్లీ మొదటి చెయ్యి చూసింది.

"నూట డెబ్భై ఎనిమిది బై నూట ఎనిమిది" అంది.

కిటికీ దగ్గర ఒక్కసారిగా నవ్వులు. "చీటీలు తారుమారయ్యాయి నర్సమ్మా!" "ఈయనకి బీపీ ఏంటండీ, ఈయన్ని చూస్తే మాకే బీపీ తగ్గుద్ది!" నిండుకుండ కూడా నవ్వాడు. నర్సమ్మ మాత్రం నవ్వలేదు.

"తలనొప్పి ఉంటుందా?"

"లేదండీ."

"కళ్లు తిరగడం? ఆయాసం?"

"ఏమీ లేదు. శుభ్రంగా ఉన్నాను."

"దీంతో వచ్చిన చిక్కే అది" అని కాగితం మీద రాసి డాక్టరు దగ్గరికి పంపింది.

డాక్టరు రెండు మూడు రోజులు మళ్లీ మళ్లీ చూశాడు. ఎప్పుడు చూసినా అంతే. రక్తం, మూత్రం, గుండె అన్నీ పరీక్ష చేయించి, ఇంకా ఏదీ దెబ్బతినలేదు, అదృష్టవంతుడివన్నాడు. ఉప్పు తగ్గించమన్నాడు, నడవమన్నాడు, "ఇది బీపీ మాత్ర, పొద్దున పూట ఒకటి" అని చీటీ చేతిలో పెట్టాడు. బడివాళ్లకి వేరే కాగితం రాశాడు. అది అదుపులోకి వచ్చేదాకా ఈయనకి పిల్లల బస్సు ఇవ్వకూడదు. బడివాళ్లు మూడు నెలలు గడువిచ్చారు. అప్పటికీ దిగకపోతే ఏడో నంబరు శాశ్వతంగా వేరేవాళ్లకి పోతుంది, ఈయన షెడ్డులో సామాన్ల గదికి.

స్టీరింగు తప్ప ఇంకో పని ఎరగని మనిషికి ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. మర్నాటి నుంచి తన బదులు ఇంకో డ్రైవరు తన బండి ఎక్కుతుంటే, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక సామాన్ల గది గుమ్మంలో నిలబడ్డాడు. వదిన బస్సు కిటికీలోంచి ఒకసారి వెనక్కి చూసింది. ఆ చూపు ఆయన సాయంత్రం దాకా మరిచిపోలేదు.

మరి అంత బాధపడ్డ మనిషి మాత్రలు బుద్ధిగా మింగాలా వద్దా? మింగలేదు! మొండితనం కాదు, పాపం, ఆయన లెక్క ఆయనకుంది. తలనొప్పి మాత్ర తలనొప్పి వస్తే వేసుకుంటాం. జ్వరం మాత్ర జ్వరం వస్తే వేసుకుంటాం. బీపీ మాత్ర బీపీ వస్తేనే కదా వేసుకోవాలి? బీపీ రావడమంటే ఏమిటో పుట్టిన దగ్గర్నుంచి వింటూనే ఉన్నాడు. "నాకు బీపీ తెప్పించకు" అని సూపర్‌వైజరు రోజుకు పాతికసార్లు అంటాడు. ఎవరినడిగినా బీపీ అంటే కోపమే. కాబట్టి కోపం వచ్చిన రోజు, మర్నాడు పొద్దున పూట ఒకటి. భార్యదీ అదే లెక్క. "ఇవాళ మాత్ర వేసుకున్నారా?" అని అడిగేది. "ఇవాళ అవసరం రాలేదు" అనేవాడు. "హమ్మయ్య" అనుకుని, ఎదిగిన కూతురికి ఫోన్ చేసి, "నాన్నకి కోపం తెప్పించే మాటలేం చెప్పకే" అని జాగ్రత్తలు చెప్పేది. అల్లారుముద్దుగా దాచుకున్నారు ఆ మాత్రల్ని మొగుడూ పెళ్లాలిద్దరూ!

నెల తిరిగింది. నర్సమ్మ పట్టీ చుట్టింది. నూట డెబ్భై ఆరు బై నూట ఆరు.

"మాత్రలు తెచ్చారా?"

జేబులోంచి తీసి ఇచ్చాడు. నర్సమ్మ కళ్లజోడు పెట్టుకుని లెక్కపెట్టింది. ముప్పై మాత్రల్లో ఇరవై ఎనిమిది ఉన్నాయి.

"మిగతావి ఎప్పుడు వేసుకుందామని?"

"రెండుసార్లే వచ్చిందండీ" అన్నాడు ఆయన నిజాయితీగా.

"ఏం వచ్చింది?"

"బీపీ. మొదటిసారి నా బదులు వచ్చిన డ్రైవరు గేటు దగ్గర ధబీమని బ్రేకు వేస్తే వదిన నుదురు కడ్డీకి కొట్టుకుంది. అప్పుడు వచ్చింది. రెండోసారి మా ఆవిడ ఉప్పు డబ్బా దాచేసినప్పుడు. అది కోపమో ఏడుపో నాకే తెలీలేదు గాని, ఎందుకైనా మంచిదని వేసుకున్నా."

కిటికీ దగ్గర ఎవరైనా ఉంటే ఈ మాటకి పొర్లి పొర్లి నవ్వేవాళ్లే. నర్సమ్మ నవ్వలేదు, తిట్టలేదు. కుర్చీ దగ్గరికి జరుపుకుంది.

"మీరు రోజూ పొద్దున బస్సు టైర్లలో గాలి ఎలా చూస్తారు?"

"గేజీ పెట్టి."

"ఎందుకు? గాలి ఎక్కువైతే టైరు అరుస్తుంది కదా?"

"టైరెందుకు అరుస్తుందండీ? ఎక్కువైతే బండి ఇంకా తేలిగ్గా పోతుంది. పేలేదాకా తెలియనే తెలియదు" అని, అంటూనే ఆగిపోయాడు.

"అరిచేది కోపం. ఇది రక్తం గొట్టాల్లో ఒత్తిడి. అరిచేవాడికీ ఉండొచ్చు, అరవనివాడికీ ఉండొచ్చు. పట్టీ కట్టి చూస్తేనే తెలుస్తుంది. మాత్ర కోపానికి కాదు. కోపం వచ్చినా రాకపోయినా, ఒంట్లో బాగున్నా లేకున్నా, రోజూ ఒకటి." కాస్త ఆగి అడిగింది. "మీ ఇంట్లో ఇంకెవరికైనా బీపీ ఉందా?"

"లేదండీ, మా వంశంలోనే లేదు. నాన్నా శాంతమే. అన్నయ్యయితే నన్ను మించినవాడు, నోట్లో నాలుక లేదు. ఆరేళ్ల కిందట పొద్దున్నే బూట్లు వేసుకుంటూ అలాగే పక్కకి ఒరిగిపోయాడు. తలలో నరం చిట్లిందన్నారు. ఏ జబ్బూ లేని మనిషి, దేవుడు తీసుకుపోయాడంతే."

"ఆయనకి ఎప్పుడైనా బీపీ చూశారా?"

"ఎందుకు చూస్తారండీ? ఆయనకి అసలు కోపమే..."

నర్సమ్మ నీళ్ల గ్లాసు ఇటు జరిపింది. నిండుకుండ ఆ గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నాడు గాని తాగలేకపోయాడు. అన్నయ్య కూడా డ్రైవరే. నరం ఇంట్లో చిట్లింది కాబట్టి సరిపోయింది, అదే దారిలో అయితే? తన వెనక నలభై రెండు తలలు, వాటిని లెక్కపెట్టే వదిన. ఆయనకి భయం వేసింది. అంతకంటే ఎక్కువగా దుఃఖం వచ్చింది. అన్నయ్య ఎంత శాంతమో, ఎంత మంచివాడో అని ఊరంతా మెచ్చుకుంది గాని, ఆ మంచివాడి చేతికి ఒక్కరంటే ఒక్కరు పట్టీ కట్టిన పాపాన పోలేదు. అందరితో పాటు తనూ.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్లి భార్యకి చెబితే ఆవిడ నెత్తీ నోరూ కొట్టుకుంది. "ఉప్పూ కారం తినరా అని నేనే కదండీ తినిపించాను!" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. మర్నాటి నుంచి ఆవిడ కూరల్లో ఉప్పు సగానికి సగం తగ్గించి నిమ్మకాయ పిండింది. మొదటి వారం ఆయన గడ్డి తింటున్నట్టు తిన్నాడు. మూడో వారానికి ఎవరింట్లోనో భోంచేసి, "అబ్బ, ఇంత ఉప్పు ఎలా తింటున్నారు వీళ్లు" అని ఆయనే అనుకున్నాడు. పల్లీలు ఉప్పు లేకుండా వేయించినవే జేబులోకి వచ్చాయి. మాత్రల అట్ట పళ్లు తోముకునే బ్రష్షు పక్కన చేరింది.

సూపర్‌వైజరుకు ఈ సంగతి నర్సమ్మ ద్వారా తెలిసింది. ఆ రోజు నుంచి గేటు దగ్గర నిలబడి, నిండుకుండ వీధి మలుపు తిరగ్గానే, "మాత్ర వేసుకున్నావా లేదా!" అని గావుకేక పెట్టేవాడు. "వేసుకున్నా సార్" అని ఈయన చెయ్యెత్తేవాడు. మూడో వీధిలో ఒక పెద్దావిడ ఆ కేక విని తన మాత్ర గుర్తు తెచ్చుకుని వేసుకునేదట. పనికిరాని గొంతంటూ ఏదీ ఉండదు చూశారా! పదకొండు బస్సుల టైర్లకు గేజీ పెట్టే పని కూడా ఆయనే నిండుకుండకు అప్పగించాడు. సామాన్ల గదిలో కూచుంటే మనిషి డీలా పడిపోతాడని ఆయన బెంగ. అలా అని నోటితో చెబితే ఆయన బీపీ ఎలా అవుతాడు? "తిని కూచుంటే ఎవడు చూస్తాడు, గాలి చూడు ఫో!" అన్నాడు.

నడవమన్నారు కదా అని నిండుకుండ సాయంత్రాలు తన బస్సు దారినే కాలినడకన పట్టాడు. మొదట మూడు స్టాపులు, తర్వాత ఐదు, తర్వాత ఏడు. ఇరవై ఆరేళ్లుగా ఎత్తు నుంచి చూసిన దారి నేలమీంచి కొత్తగా కనపడింది. నాలుగో స్టాపులో పిల్లలు నిలబడే చోట కాలువ మూత విరిగి ఉందని అప్పుడే తెలిసింది. సూపర్‌వైజరుతో చెబితే ఆయన మునిసిపల్ ఆఫీసుకు ఫోన్ చేసి అరిచి అరిచి వారంలో కొత్త మూత వేయించాడు. రెండో నెల పట్టీ కడితే నూట నలభై ఆరు బై తొంభై. "దారిలో పడ్డారు" అంది నర్సమ్మ.

అన్నీ బాగానే ఉన్నాయి, ఒక్కటి తప్ప. వదినకు చెప్పలేదు. ఎలా చెబుతాడు? మీ ఆయన్ని దేవుడు తీసుకుపోలేదు, మనమంతా చూడక పోగొట్టుకున్నామని ఏ నోటితో చెప్పాలి? రోజూ సాయంత్రం బస్సు దిగుతున్న ఆవిడని చూసి నోరు తెరిచేవాడు, "జాగ్రత్తగా వెళ్లు వదినా" అని మూసేసేవాడు.

మూడో నెల ఆఖరి రోజు పొద్దున్నే, బస్సులు కదిలే ముందు, నర్సమ్మ గదిలో కూచున్నాడు. ఈ రెండు నెలలుగా వారం వారం డాక్టరు చూస్తూనే ఉన్నాడు, ఈ చివరి సంఖ్య ఒక్కటి కాగితం మీద పడాలి. ఐదు నిమిషాలు కళ్లు మూసుకున్నాడు. పట్టీ బిగిసింది, వదులైంది.

"నూట ముప్పై బై ఎనభై రెండు" అంది నర్సమ్మ. ఈసారి ఆవిడ నవ్వింది. "వెళ్లండి. మీ బండి మీది."

"మాత్ర ఇంక..."

"గేజీ సరిగ్గా చూపించిందని గాలి చూడటం మానేస్తారా?"

"మానను" అన్నాడు.

బయటికొస్తే ఏడో నంబరు బస్సు కడిగి ఉంది. డ్రైవర్లు చప్పట్లు కొట్టారు. సూపర్‌వైజరు అటు తిరిగి, కంట్లో ఏదో పడిందన్నాడు. నిండుకుండ సీట్లో కూచుని స్టీరింగు మీద రెండు చేతులూ వేశాడు. ఒంట్లోకి ప్రాణం వచ్చినట్టయింది. వదిన మెట్టెక్కుతూ ఆయాసంతో కాస్త ఆగి, కడ్డీ పట్టుకుంది. నుదుటి మీద ఆనాటి దెబ్బ మచ్చ ఇంకా ఉంది.

"వదినా, నర్సమ్మ లోపలే ఉంది. ఒక్కసారి నువ్వూ పట్టీ కట్టించుకురా."

ఆవిడ చిన్నగా నవ్వింది. "నాకెందుకు బాబూ? నాకు బీపీ ఏంటి, నేనెవర్నీ ఒక్క మాటయినా అనను. పద, పిల్లలు ఎదురు చూస్తుంటారు."

"ఒక్క నిమిషం పని వదినా."

"నాకేమీ లేదు బాబూ, శుభ్రంగా ఉన్నాను."

ఆ మాట ఆయన చెవిన పడింది. శుభ్రంగా ఉన్నాను. తను అన్న మాటే. బతికుంటే అన్నయ్య కూడా అదే అనేవాడు.

"దిగు వదినా!" అని అరిచాడు నిండుకుండ.

షెడ్డు షెడ్డంతా కొయ్యబారిపోయింది. నీళ్ల గొట్టం పట్టుకున్నవాడు పట్టుకున్నట్టే ఉండిపోయాడు. సూపర్‌వైజరు నోరు తెరిచాడు, కేక ఆయనది కాకపోవడం ఆ షెడ్డులో అదే మొదటిసారి.

"నువ్వు ఎవర్నీ ఏమీ అనవనే దిగమంటున్నా! కోపం లేనోళ్లకి బీపీ రాదనుకునే అన్నయ్యకి ఎవ్వరం చూపించలేదు! ఆయనకి కోపం లేదు గాని బీపీ ఉండే ఉంటుంది వదినా, నాకున్నట్టే! నిన్ను కూడా అలా పోగొట్టుకోలేను, దిగు!"

అంటూనే సీట్లోంచి లేచాడు. ఆవిడ చాలాసేపు ఆయన మొహంలోకి చూసింది. తర్వాత ఒక్కో మెట్టూ దిగి, నర్సమ్మ గదిలోకి వెళ్లి, కుర్చీలో కూచుని చెయ్యి చాచింది. ఆయన వెనకే వెళ్లి తలుపు దగ్గర నిలబడ్డాడు. ఐదు నిమిషాలు ఎవరూ మాట్లాడలేదు. నర్సమ్మ రెండు చేతులూ చూసింది.

"నూట అరవై నాలుగు బై తొంభై ఎనిమిది" అంది. "భయపడకండమ్మా. సమయానికి వచ్చారు. రేపు డాక్టరుకి చూపిద్దాం, ఇది తగ్గేదే. మీ బాబుని చూస్తున్నారుగా."

వదిన తల ఊపింది. పట్టీ విప్పాక కూడా చెయ్యి అలాగే బల్ల మీద ఉంచింది.

"ఇంతేనా బాబూ చూడ్డమంటే?" అంది.

"ఇంతే వదినా."

"ఆయనకి కూడా ఇలా ఒకసారి కట్టి చూసుంటే తెలిసేదా?"

నిండుకుండ పక్కన కూచుని ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. "తెలిసేది వదినా" అన్నాడు.

ఆవిడ కొంగుతో కళ్లు తుడుచుకుని లేచింది. "పద, పిల్లలు" అంది.

ఏడో నంబరు బస్సు ఆ రోజు పదకొండు నిమిషాలు ఆలస్యంగా కదిలింది. ఇరవై ఆరేళ్లలో ఎప్పుడూ లేదు. సూపర్‌వైజరు గేటు దగ్గర నిలబడి గడియారం చూసుకున్నాడు, బస్సు వైపు చూశాడు, మళ్లీ గడియారం చూసుకున్నాడు. ఒక్క మాట అనలేదు. వెళ్లి, తన చేతులతో తనే గేటు తీశాడు.